గోటి మీద సింగిడి

చివ్వెంల మండలం దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామికి జాతర జరుగుతుంది. పెద్దగట్టు జాతర అంటారు, గొల్లగట్టు అనీ అంటారు. తెలంగాణలో మేడారం తర్వాత అంత జనం కదిలేది ఇక్కడికేనని పేరు. కేసారం నుంచి దేవరపెట్టె వచ్చేసరికి భేరీల మోత, గజ్జెల లాగుల చప్పుడు, ‘ఓ లింగా’ అన్న కేకలతో గుట్ట అంతా అదిరిపోతుంది. ఆ గుట్ట కింద వరసగా వెలిసే దుకాణాల్లో గాజుల తర్వాత ఆడపిల్లలు ఎక్కువసేపు ఆగేది గోళ్లరంగు పెట్టె దగ్గరే. చిన్న చిన్న సీసాలు. ఎరుపు, మెరూన్, గులాబీ, ఈమధ్య నీలం, నలుపు కూడా. దుకాణం ఆయన ఒక సీసా మూత తీసి ఇస్తాడు. పిల్ల ఎడమచేతి చిటికెనవేలికి వేసుకుని, ఎండకు చాపి చూసుకుని, తల్లి మొహం చూస్తుంది. తల్లి ‘తీస్కో’ అంటుంది.

ఆ పెట్టెలో దొరకని ఒక రంగు గురించి ఈ కథనం. పెద్ద కంపెనీలది కాదు. చిన్న గదిలో, కొద్దికొద్దిగా కలిపి, తన పేరు మీద తానే అమ్ముకునే ఒక స్వతంత్ర తయారీదారు సీసా. హోలోగ్రాఫిక్ నెయిల్ పాలిష్ అంటారు, ఇష్టపడేవాళ్లు ముద్దుగా ‘హోలో’ అంటారు. ఇది ప్రకటన కాకూడదని ఆ తయారీదారు పేరు రాయడం లేదు. గోళ్లరంగుకు ఇంత చోటు ఎందుకని ఎవరైనా అడగొచ్చు. నారు పీకే చేతులు, పత్తి ఏరే చేతులు, మిరపకాయ తెంపే చేతులు ఉన్న ఊళ్లలో ఆ చేతులకు చేసుకునే సింగారం చిన్న సంగతి అని నేను అనుకోను. పైగా ఈ సీసాలో ఉన్నది రంగు మాత్రమే కాదు. రెండు వందల ఏళ్లకు పైబడిన కాంతిశాస్త్రం ఉంది, నోట్ల భద్రత కోసం పుట్టిన పరిజ్ఞానం ఉంది, ఒంటరిగా వ్యాపారం నిలబెట్టుకున్న ఆడవాళ్ల మొండితనం ఉంది.

నీడలో బూడిద, ఎండలో ఏడు రంగులు

సీసాలో చూస్తే దాని గొప్పతనం ఏమీ తెలియదు. బూడిద కలిసిన వెండి రంగు ద్రవం, అంతే. యాసంగి నాట్లు సాగుతున్న రోజుల్లో చివ్వెంలలో మా తమ్ముడి ఇంట్లో దాన్ని విప్పాం. గదిలో ట్యూబ్‌లైటు కింద మా మరదలు వేళ్లకు వేస్తే ఆమెకు పెద్దగా నచ్చలేదు. “గింత పైసలు పెట్టి గీ బూడిద రంగు ఎందుకు తెచ్చినవ్ వదినె?” అంది. ఆరాక వాకిట్లోకి వచ్చి, పొద్దుటి ఎండలో చెయ్యి చాపింది. ప్రతి గోటి మీదా నిలువునా ఒక సింగిడి లేచింది. వేలు కదిపితే అదీ కదిలింది. గోరు వంపు తిరిగిన చోట ఎరుపు, దాని పక్కన పసుపు, ఆకుపచ్చ, నీలం, అంచున ఊదా. ఆమె ఏమీ అనలేదు. చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటూ అట్లాగే నిలబడింది.

దగ్గర్లోని తండా నుంచి పాలు పోయడానికి వచ్చిన ఒక అవ్వ కూడా ఆగి చూసింది. చివ్వెంల మండలంలో లంబాడా తండాలు చాలా ఉన్నాయి. అద్దాలు కుట్టిన రైకతో జీవితమంతా ఎండలో నడిచిన ఆమెకు మెరుపు కొత్త కాదు. మరదలి చెయ్యి పట్టుకుని పరీక్షగా చూసి, “మా అద్దాలు తెల్లగ మెరుస్తయి బిడ్డా, ఇది రంగులు ఇడుస్తున్నది” అంది.

ఈ విషయాన్ని ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం. అద్దం తన మీద పడిన వెలుగును పడినట్టే ఒక దిక్కుకు తిప్పి పంపుతుంది. అన్ని రంగులూ కలిసే వెళతాయి కాబట్టి తెల్లగానే కనిపిస్తుంది. అదే నునుపైన తలం మీద ఒకదాని పక్కన ఒకటిగా అతి సన్నని గీతలు చెక్కితే కథ మారిపోతుంది. ఒక్కో గీత నుంచి వెనక్కి వచ్చే తరంగాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఒక కోణంలో ఎరుపు తరంగాలు ఒకదానికొకటి బలం చేకూరుస్తాయి, మిగతావి చెరిగిపోతాయి. ఇంకో కోణంలో ఆకుపచ్చకు ఆ అవకాశం వస్తుంది. ఎరుపు అన్నిటికన్నా ఎక్కువగా వంగుతుంది, ఊదా తక్కువగా వంగుతుంది. గాజు పట్టకంలో జరిగేదానికి ఇది తలకిందులు. దీన్ని భౌతికశాస్త్రంలో వివర్తనం అంటారు. 1785లో అమెరికాలో డేవిడ్ రిటెన్‌హౌస్ రెండు మరల మధ్య వెంట్రుకలు వరసగా బిగించి మొదటిసారి ఇటువంటి జల్లెడ చేసి చూశాడు. 1821లో జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ దాన్ని కొలతలతో శాస్త్రంగా మార్చాడు.

మన ఊళ్లలో దీన్ని చూడని వాళ్లు లేరు. పాటల సీడీల కాలం పోయాక ఆ సీడీలు చేలల్లోకి చేరాయి, పిట్టలు వాలకుండా దారాలకు వేలాడుతున్నాయి. వాటి మీద కనిపించే రంగులూ ఇవే. సీడీలో గీతకూ గీతకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. వెంట్రుక మందంలో దాదాపు నలభయ్యో వంతు. గోళ్లరంగులోని పొడి రేణువుల మీద గీతలు ఇంకా దగ్గరగా ఉంటాయి, మిల్లీమీటరుకు వెయ్యికి పైగా.

ఆ పొడిని తయారుచేసే తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. ముందుగా గీతలు అచ్చువేసిన పల్చని ప్లాస్టిక్ రేకు తీసుకుంటారు. గాలి తీసేసిన గదిలో దాని మీద మెగ్నీషియం ఫ్లోరైడ్, దాని మీద అల్యూమినియం, మళ్లీ మెగ్నీషియం ఫ్లోరైడ్ పొరలు ఆవిరి రూపంలో పట్టిస్తారు. తర్వాత ఆ పొరను రేకు నుంచి ఊడదీసి పొడి చేస్తారు. ఒక్కో రేణువు మందం సుమారు ఒక మైక్రాన్, వెడల్పు పది నుంచి ముప్పై చిల్లర మైక్రాన్లు. దాని మీద మాత్రం గీతలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ‘స్పెక్ట్రాఫ్లెయిర్’ అన్న పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది కాలిఫోర్నియాలోని సాంతా రోసాకు చెందిన ఫ్లెక్స్ ప్రొడక్ట్స్. అటూ ఇటూ తిప్పితే రంగు మారే సిరాతో కొన్ని దేశాలు నోట్లు అచ్చువేస్తాయి కదా, ఆ సిరాలో పడే రేణువులను తయారుచేసిందీ ఈ సంస్థే. తర్వాత అది జేడీఎస్‌యూ చేతికి వెళ్లింది, 2015లో ఆ కంపెనీ రెండుగా చీలినప్పుడు వియావీ సొల్యూషన్స్ వాటాకు వచ్చింది. దొంగనోట్లను ఆపడానికి పెంచుకున్న విద్య కారు పెయింట్లకు పాకింది, అక్కడి నుంచి గోటికి చేరింది.

హోలోగ్రామ్ అన్న మాట మన దగ్గర ఎక్కువగా వినిపించేది మద్యం సీసాల మీద ఎక్సైజ్ శాఖ అతికించే లేబుల్ విషయంలో. 1947లో డెనిస్ గేబర్ హోలోగ్రఫీని కనిపెట్టాడు, 1971లో నోబెల్ అందుకున్నాడు. అందులో వెలుగుతో ఒక బొమ్మను బంధిస్తారు. గోళ్లరంగులో బొమ్మ ఏదీ లేదు, గీతలే ఉన్నాయి. రంగులు విడదీసే సూత్రం మాత్రం ఒకటే.

రంగు లేని రంగులు

వానకాలం మొదలయ్యాక తుమ్మచెట్ల మీద జీరంగులు వాలేవి. పచ్చగా, బంగారపు నిగారింపుతో మెరిసే పురుగులు. పట్టుకుని అగ్గిపెట్టెలో పెట్టి, రెండు తుమ్మాకులు వేసి, బడికి తీసుకుపోయిన తరం ఇంకా ఈ జిల్లాలో ఉంది. ఆ రెక్కల పచ్చదనంలో ఆకుపచ్చ రంగు పదార్థం లేదు. పలచని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, వాటి మధ్య వెలుగు చేసే పని వల్ల ఆ రంగు పుడుతుంది. పూత అయితే ఎండకు వెలిసిపోతుంది, కట్టడం వల్ల పుట్టిన రంగు వెలవదు. అందుకే 19వ శతాబ్దంలో హైదరాబాద్, మద్రాసు కుట్టుపనివాళ్లు ఈ రెక్కలను మస్లిన్ మీద కుట్టేవారు. 1903 ఢిల్లీ దర్బారులో లేడీ కర్జన్ తొడుక్కున్న నెమలి గౌనులో ప్రతి నెమలికన్ను మధ్యలోనూ ఇటువంటి రెక్కే ఉంది. ఆ రెక్కలు ఇప్పటికీ పచ్చగానే మెరుస్తున్నాయి.

హోలో రంగు ఆ కుటుంబానికి చెందినదే. వెలుగు మంచిదైతేనే దాని బతుకు. ఒకే బిందువు నుంచి వచ్చే వెలుగు కావాలి దానికి. సూర్యుడు, ఫోన్ టార్చి, ఫంక్షన్ హాల్లో ఫొటోగ్రాఫర్ కొట్టే ఫ్లాష్ సరిపోతాయి. ట్యూబ్‌లైటు పొడవాటిది, దాని నుంచి వచ్చే వెలుగు అన్ని వైపులా పరుచుకుంటుంది. రంగులు ఒకదాని మీద ఒకటి పడి మళ్లీ తెల్లబడతాయి, గోరు బూడిదగా కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజూ అంతే. ఇదే కారణంతో గాజుల దుకాణంలోనో ఫ్యాన్సీ స్టోర్‌లోనో ఈ సీసా నెగ్గలేదని నా అభిప్రాయం. ఎండ తగలని చోట అమ్మకానికి పెట్టిన సరుకు తన గుణం చూపించుకోలేదు.

నునుపు కూడా అంతే ముఖ్యం. చివ్వెంల నుంచి సూర్యాపేట దాటితే పిల్లలమర్రి వస్తుంది. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించింది. ఆ గుళ్లలోని నల్లరాతి స్తంభాల ముందు నిలబడితే ఎదుటి మనిషి ఆకారం కనిపిస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి శిల్పి రాతిని అంత నునుపు చేశాడు కనుకనే వెలుగు చెదరకుండా తిరిగి వస్తోంది. గోటి విషయంలోనూ రేణువులన్నీ చదునుగా, ఒకే దిక్కుకు పడుకుంటేనే సింగిడి గీతలా నిలుస్తుంది. చాలామంది గోళ్ల మీద నిలువు చారలు ఉంటాయి, వయసుతో అవి పెరుగుతాయి. వాటి మీద నేరుగా వేస్తే రేణువులు ఎగుడుదిగుడుగా కూర్చుని మెరుపు ముక్కలవుతుంది.

అందుకని ముందుగా రంగులేని బేస్ కోటు వేసి బాగా ఆరనివ్వాలి. తర్వాత హోలో రంగును పల్చగా, బ్రష్ తక్కువసార్లు ఆనించి వెయ్యాలి. ఒకే చోట మళ్లీ మళ్లీ రుద్దితే అప్పుడే సర్దుకుంటున్న రేణువులు లేచి నిలబడతాయి. మందంగా ఒకటే పూత వేసేకన్నా పల్చగా రెండు పూతలు వెయ్యడం మేలు. ద్రావకం ఆవిరైపోతుంటే పొర కుంచించుకుపోతుంది, రేణువులు కిందికి నొక్కుకుని చదునవుతాయి. అందువల్లే తడిమీద కన్నా ఆరాక ఎక్కువగా మెరుస్తుంది. ఫ్యాను కింద కూర్చోవద్దు. గాలికి పైపొర ముందే ఆరిపోయి లోపల బుడగలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో సూర్యాపేట ఎండకు సీసాలోని రంగే చిక్కబడుతుంది. చాలామంది అందులో గోళ్లరంగు తుడిచే అసిటోన్ పోసి పాడుచేస్తారు. దాని కోసం వేరే థిన్నర్ దొరుకుతుంది, రెండు మూడు చుక్కలు చాలు.

పెద్ద కంపెనీలు వదిలేసిన చోట

గోళ్లరంగు అసలు కథ పేలుడు పదార్థంతో మొదలవుతుంది. పత్తి నారను నైట్రిక్ ఆమ్లంతో కలిపి తయారుచేసే నైట్రోసెల్యులోజ్ ఒకప్పుడు తుపాకి మందు. తర్వాత సినిమా రీలు అయింది, 1920ల్లో కారు పెయింటు అయింది. ద్రావకంలో కరిగించి పల్చగా పూస్తే గట్టిగా, నిగనిగలాడుతూ ఆరే గుణం దానిది. 1917లో క్యూటెక్స్ ద్రవరూపంలో గోళ్లరంగు తెచ్చింది. 1932లో రెవ్‌లాన్ కేవలం గోళ్లరంగుతోనే పుట్టింది. మన దేశంలో టాటాలు 1952లో లాక్మే పెట్టారు. ఈనాటికీ దాదాపు ప్రతి సీసాలోనూ ఉన్నది ఆ నైట్రోసెల్యులోజే, దానితో ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ ద్రావకాలు, పొర పగలకుండా మెత్తదనం ఇచ్చే పదార్థాలు, రంగు అడుగుకు దిగకుండా పట్టి ఉంచే ఒక రకం బంకమన్ను.

హోలో రంగులను పెద్ద కంపెనీలు తేకపోలేదు. తెచ్చాయి, ఆపేశాయి. 2008లో చైనా గ్లేజ్ అనే అమెరికా బ్రాండు ఓఎంజీ పేరుతో ఒక వరస తెచ్చింది. అది అమ్మకం ఆగిపోయాక పాత సీసాల కోసం జనం వెతుక్కున్నారు. పొడి ఖరీదైనది, తక్కువ వేస్తే మెరవదు, ఎక్కువ వేస్తే లాభం మిగలదు. లక్షల సీసాలు అమ్మే కంపెనీకి ఆ లెక్క కుదరదు. ఆ ఖాళీలోకి 2010 తర్వాత అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో చిన్న తయారీదారులు దిగారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. నైట్రోసెల్యులోజ్ బేసు తయారుగా కొనుక్కుని, పొడులు తామే తూచి కలిపి, సీసాలో కలయిక కోసం చిన్న ఉక్కు గోళీలు వేసి, చేత్తో నింపి అమ్మారు. కెనడాలో ప్రభుత్వ గణాంక సంస్థలో నేరాల లెక్కలు విశ్లేషించే ఉద్యోగం చేస్తూ, గోళ్ల మీద వీడియోలు తీసిన క్రిస్టీన్ రోటెన్‌బర్గ్ 2019లో హోలో టాకో పేరుతో సొంత బ్రాండు పెట్టింది. ఏ గోళ్లరంగు మీద వేసినా సింగిడి పుట్టించే పైపూత ఆమె మొదటి సరుకుల్లో ఒకటి.

చిన్న తయారీదారు సీసాకూ పెద్ద కంపెనీ సీసాకూ తేడా నాకు కనిపించింది రంగు చిక్కదనంలో. పొడి విషయంలో పిసినారితనం లేదు. సీసా మెడ తుడిచిన తీరు, మూత లోపల బిగించిన తీరు, చేతిరాతతో వేసిన బ్యాచ్ నంబరు చూస్తే ఎవరో ఒక మనిషి దీన్ని దగ్గరుండి నింపిందని తెలుస్తుంది. రావడానికి మాత్రం ఆలస్యమైంది. గోళ్లరంగు మండే ద్రవాల జాబితాలో ఉంటుంది, విమానంలో మామూలు పార్సిల్‌గా పంపనివ్వరు. రోడ్డు మీదే రావాలి. విదేశీ స్వతంత్ర తయారీదారుల సరుకు మన దాకా రాకపోవడానికీ ఇదొక కారణం.

నాట్లలో, అంట్లలో

మా మరదలు రంగు వేసుకున్న మర్నాడే నాటుకు పోయింది. నేను వద్దనలేదు. పని మానుకున్న చేతుల మీద చేసే పరీక్షకు ఈ ఊళ్లో అర్థం లేదు.

సాయంత్రానికి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొసల్లో రంగు లేచింది. నారుకట్ట విప్పి, మొక్కలు విడదీసి, బురదలోకి గుచ్చేది ఆ రెండు వేళ్లే. ఎడమచేతి గోళ్లు దాదాపు అట్లాగే ఉన్నాయి. ఎక్కువసేపు నీళ్లలో ఉంటే గోరు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే మళ్లీ కుంచించుకుంటుంది. పైన ఉన్న పొర అట్లా సాగలేదు, కొసన పగులుతుంది. ఇది హోలో రంగు లోపం కాదు, ఏ గోళ్లరంగుకైనా తప్పదు. వెండి రంగు కావడం ఒక మేలు చేసింది. ఎరుపు లేచిపోతే దూరం నుంచే తెలుస్తుంది, ఇది లేచినా గోరు రంగులో కలిసిపోయి పెద్దగా కనిపించదు.

సూర్యాపేటలో డిగ్రీ చదివే మా మేనకోడలి గోళ్ల మీద అదే రంగు వారం దాటాక కూడా మెరుస్తూనే ఉంది. రాసే పని, బస్సు ప్రయాణం, ఇంట్లో అంట్లు. అంట్ల దగ్గర పీచు గట్టిగా రుద్దిన చోట కొసలు అరిగాయి, అంతే. కొసను కూడా మూసేటట్టు పైపూత వేసిన వేళ్లు ఎక్కువ కాలం నిలిచాయి. కాలిగోళ్ల మీద వేసినది ఇద్దరికీ చెక్కుచెదరలేదు. నాట్ల రోజుల్లో కాళ్లకూ, పండుగ రోజుల్లో చేతులకూ అని నేనొక సలహా ఇచ్చాను. మరదలు ఒప్పుకోలేదు. “పోతే పోనీ వదినె. ఎండల నాటేసేటప్పుడే గదా మంచిగ కనవడేది” అంది. ఆమె చెప్పిందే సరైనది. ఈ రంగుకు కావలసిన వెలుగు ఉన్నది పొలంలోనే.

తీసేటప్పుడు సుళువుగా పోతుందా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. సన్నని పొడితో చేసిన హోలో మామూలు రంగు మాదిరే అసిటోన్ దూదితో పోతుంది. ముక్కలు ముక్కలుగా మెరిసే గ్లిటర్ హోలో మాత్రం మొండిది. దానిలో ఉండేవి ప్లాస్టిక్ రేకు ముక్కలు, గోటిని పట్టుకుని ఓ పట్టాన వదలవు. విడిగా అమ్మే ప్లాస్టిక్ గ్లిటర్‌ను యూరప్ 2023 అక్టోబరు నుంచి కట్టడి చేసింది, ఆ తునకలు కరగకుండా నేలలో, నీటిలో మిగిలిపోతాయని. రెంటిలో ఏది కొనాలంటే సన్నపొడి రకమే కొనమంటాను.

మైదాకు ముందు నిలబడగలదా

ఆషాఢంలో మైదాకు పెట్టుకోని ఇల్లు మన దగ్గర అరుదు. రుబ్బిన ముద్దను గోళ్లకు టోపీలా పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి పండుతుంది. ఆకులోని లాసోన్ అనే పదార్థం గోటిలోని కెరాటిన్‌తో కలిసిపోతుంది. పైన పొర ఏర్పడదు కాబట్టి పగిలేదీ లేదు, లేచేదీ లేదు. చేతిగోరు నెలకు మూడు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. ఆ ఎరుపు గోటితో పాటే పైకి జరిగి, ఆరు నెలల్లో కత్తిరింపుతో పోతుంది. నాట్లకూ అంట్లకూ లొంగని రంగు అది. వజూ చేసి నమాజు చదివే ఇళ్లలో మైదాకు ఉండగా గోళ్లరంగు వేసుకోకపోవడానికీ ఇదే కారణం. రంగు పొర కట్టి నీటిని గోటికి తగలనివ్వదు, మైదాకు అడ్డు రాదు.

నిలకడలో హోలో రంగు మైదాకుకు సరిరాదు. సరిరావలసిన పనీ లేదు. మైదాకు ఒకటే రంగు ఇస్తుంది, ఎన్నాళ్లయినా అదే. దీనిది గంటగంటకూ, చెయ్యి కదిపినప్పుడల్లా మారే రంగు. మా మేనకోడలు మైదాకు పండిన గోళ్ల మీద పల్చగా హోలో పూత వేసుకుంది. ఎర్రటి గోటి మీద సింగిడి చారలు కదులుతుంటే, ఈ పరీక్ష మొత్తంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించింది అదే.

వాసన వెనక ఏముంది

సీసా విప్పగానే వచ్చే ఘాటు వాసన ద్రావకాలది. వసారాలోనో వాకిట్లోనో కూర్చుని వేసుకోవాలి. పొయ్యి, దీపం, అగరుబత్తి దగ్గర పనికిరాదు, అది మండే సరుకు. చిన్నపిల్లల గోళ్లకు వెయ్యకపోతే మంచిది, వేళ్లు నోట్లో పెట్టుకుంటారు.

ఒకప్పుడు గోళ్లరంగుల్లో ఫార్మాల్డిహైడ్, టోలుయిన్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడు పదార్థాల మీద పెద్ద గొడవ నడిచింది. చాలా కంపెనీలు వాటిని తీసేశాయి. థాలేట్ స్థానంలో కొందరు ట్రైఫినైల్ ఫాస్ఫేట్ వాడారు. 2015లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 26 మంది మహిళల మీద చేసిన అధ్యయనంలో, రంగు వేసుకున్న 10 నుంచి 14 గంటల తర్వాత వాళ్ల శరీరంలో ఆ పదార్థం విచ్ఛిన్నమైన అవశేషం దాదాపు ఏడు రెట్లు పెరిగింది. అందుచేత పదార్థాల పట్టిక బయటపెట్టే తయారీదారుకే నా ఓటు. జెల్ పాలిష్ సంగతి వేరు. దాన్ని ల్యాంపు కింద గట్టిపరచడానికి వాడే టీపీఓ అనే పదార్థాన్ని యూరప్ 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది. మేం పరీక్షించిన హోలో రంగుకు ల్యాంపు అక్కర్లేదు, గాలికే ఆరుతుంది. మెరుపునిచ్చే అల్యూమినియం, మెగ్నీషియం ఫ్లోరైడ్ రేణువులు ఆరిన పొరలో బిగుసుకుని ఉంటాయి.

మన దేశంలో సీసా మీద ఏముండాలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు చెబుతున్నాయి. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఉండి తీరాలి. పదార్థాల పట్టికకు మాత్రం 60 మిల్లీలీటర్ల కన్నా చిన్న ద్రవం సీసాలకు మినహాయింపు ఉంది. గోళ్లరంగు సీసాలు పది, పదిహేను మిల్లీలీటర్లకు మించవు. అంటే రోజూ అన్నం కలుపుకునే వేళ్ల మీద వేసేదాంట్లో ఏముందో చెప్పనక్కర్లేదని నిబంధనే వదిలేసింది. ఈ మినహాయింపు తీసేయాలి. సీసా మీద చోటు లేకపోతే అట్టపెట్టె మీద అచ్చువేయవచ్చు.

ఇక్కడ ఎందుకు తయారు కాకూడదు

ఈ సీసా చూసినప్పటి నుంచి మేనకోడలు అడుగుతున్న ప్రశ్న ఇది. ఇంట్లో కలిపి అమ్మడం కుదరదని ఆమెకు ముందే చెప్పాలి. గోళ్లరంగు తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు కావాలి. మండే ద్రావకాలు కాబట్టి తయారీ స్థలం పారిశ్రామిక ప్రాంతంలో ఉండాలి, మిగతా పనుల నుంచి గోడతో వేరు చెయ్యాలి, నిప్పురవ్వ పుట్టని మోటార్లు, మంటలార్పే ఏర్పాట్లు ఉండాలి. ఇవి అడ్డంకులు కావు, ప్రాణాలు కాపాడేవి. వంటింట్లో కలిపిన గోళ్లరంగు ఎంత బాగున్నా నేను కొనమని చెప్పను.

కానీ నిబంధనల్లోనే ఇంకో దారి ఉంది. లైసెన్సు ఉన్న వేరొకరి కర్మాగారంలో సొంత సూత్రంతో, సొంత పేరుతో తయారు చేయించుకోవచ్చు. దాన్ని లోన్ లైసెన్సు అంటారు. రంగు ఎంపిక, పొడుల పాళ్లు, ఎండలో పరీక్ష, పేరు పెట్టడం, అమ్మడం చిన్న తయారీదారు చేతిలోనే ఉంటాయి. సూర్యాపేట జిల్లాలో పొదుపు సంఘాల మహిళలు బడి పిల్లల యూనిఫాంలు కుడుతున్నారు. 2024లో మొదలైన ఇందిరా మహిళా శక్తి పథకం కింద రాష్ట్రంలో క్యాంటీన్లు నడుపుతున్నారు. పచ్చళ్లు, పిండివంటలు, కుట్టుపనితో ఆగిపోవలసిన అవసరం వాళ్లకు లేదు. మైదాకు మీద వెయ్యడానికి ఒకటి, నాట్ల చేతులకు గట్టిగా నిలిచేది ఒకటి, లంబాడా రైక రంగుల్లో ఒకటి. ఈ ఆలోచనలు కెనడాలోనో కాలిఫోర్నియాలోనో ఎవరికీ రావు, ఈ ఊరి ఆడవాళ్లకే వస్తాయి. లైసెన్సు కాగితాలు ఎట్లా నింపాలో, ఏ కర్మాగారాన్ని అడగాలో జిల్లా పరిశ్రమల కేంద్రం, గ్రామీణాభివృద్ధి శాఖ ఒక్కసారి కూర్చోబెట్టి చెబితే చాలు. వచ్చే పెద్దగట్టు జాతరలో ఆ పెట్టెలో చివ్వెంల పేరుతో ఒక సీసా ఉండాలని నా కోరిక.

కొనేవారికి నా తీర్పు ఇది. మామూలు సీసాకు పది ఇరవై రెట్లు పెట్టాల్సి వస్తుంది, అయినా హోలో రంగు ఆ డబ్బుకు తగినదే. ముందు ఒక్క సీసా కొనండి, వెండి రంగుదైతే అన్ని చీరల మీదకూ నప్పుతుంది. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేనిదాన్ని ఎంత మెరిసినా తీసుకోవద్దు. పదార్థాల పట్టిక అడగండి, చెప్పని తయారీదారు దగ్గర కొనకండి. దుకాణంలో అయితే ట్యూబ్‌లైటు కింద చూసి నిర్ణయించుకోకుండా, ఒక వేలికి వేయించుకుని బయట ఎండలోకి వచ్చి చూశాకే డబ్బు ఇవ్వండి.